రెండో మచ్చ

పోయింది యాడంటే
జిరాక్స్ మిషను మూత కింద.
పొదుపు సంఘం లోనుకని పోయినా ఆ పొద్దు.
నకళ్ళు పది లెక్కబెట్టుకొని
సంచిలో పెట్టుకొని వచ్చినా.
అసలు దాన్ని ఆ పచ్చ వెలుతురు కాడనే మర్చిపోయినా.

మూడేండ్లకు అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడింది.
ముప్పై అయిదు దాటితే తీసుకోరంట,
నాకింకా ఆరు నెలలుండాది.
పెట్టె అంతా తిరగేస్తే నకళ్ళే దొరికినాయి.
రాయదుర్గం బస్టాండు పక్క ఆ అంగట్లో
ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతాండారు.

నకలు మీద సంతకం కావల్లంటే
అసలు చూపించల్లంట.
అసలుంటే నీ కాడికి ఎందుకొస్తా సారూ?

స్టేషన్లో రైటరు అడిగినాడు:
యాడ పోయింది, ఎన్ని గంటలకు పోయింది?
పోయేటప్పుడు చెప్పి పోలే సారూ.
కానిస్టేబులు నవ్వినాడు. రైటరు నవ్వలే.
'ప్రయాణంలో పోగొట్టుకొనినది' అని రాసుకున్నాడు.
నేను యాడికి పోయినా ప్రయాణం?
పద్దెనిమిదేండ్లుగా అదే షెడ్డు, అదే మిషను,
జీన్సు ప్యాంట్లకు జోబులు కుడతాండా.
ఊర్లు తిరిగేదంతా ఆ జోబులే.

పేపర్లో మూడు లైన్లకు ఆరొందలు.
కుళ్ళాయమ్మ, తండ్రి బాబయ్య,
పదో తరగతి సర్టిఫికెట్ పోయినది,
దొరికినవారు దయచేసి...
ఆ మాట కాడ కొంచేపు ఆగినా.
దొరికినోళ్ళు ఏం చేసుకుంటారు దాన్ని?
లెక్కల్లో ముప్పై ఎనిమిది.
సోషల్లో డెబ్బై ఒకటి,
అది చూసి మురిసేది నేనొక్కదాన్నే.

ఇస్కూల్లో హెడ్మాస్టరమ్మ పాత రిజిస్టరు తీసింది.
అట్ట ఊడిపోయి, నవారుతో కట్టుండారు.
పేరు సరిపోయింది. పుట్టిన తేదీ సరిపోయింది.
పుట్టుమచ్చలు రెండు.
గొంతు కింద ఒకటి, సరే.
ఎడమ మణికట్టు మీద ఒకటి.
ఏదీ, చెయ్యి చూపించమ్మా.

ఆ పొద్దు గుర్తొచ్చింది.
సుంకన్న సారు కాగితాలు ముందరేసుకొని
ఒక్కొక్కరినీ పిలుస్తాండె.
మొగపిల్లోళ్ళు చొక్కాలెత్తి వెతుక్కుంటాండిరి.
మేము మోచేతి కిందనో, మెడ పైననో,
అంతవరకే వెతుక్కోవల్ల.
నాకొకటే దొరికింది.
రెండు లేకుంటే పరీక్షకు పంపరని
ఎవరో చెవిలో ఊదినారు.
ఏడుపు గొంతు దాకా వచ్చింది,
బెల్లు కొట్టేసినారు,
సారు చూపు నా చేతి మీద పడింది.
'ఉండాది కదామ్మే' అని రాసేసినాడు.

అది తిరుమలేశి పెన్ను కక్కిన సిరా.
సాయంత్రం బోరింగు కాడ కడుక్కుంటే పోయింది.
రిజిస్టర్లో పోలే.

ఇప్పుడు నా చేతుల నిండా నీలమే,
గోర్ల సందుల్లో, అరచేతి గీతల్లో,
సబ్బుకు లొంగని జీన్సు రంగు.
కావల్సిన చోట మాత్రం లేదు.

చెప్పినా, ఉండేది ఉన్నట్ల.
ఆమె చానాసేపు నా చేతిని చూసింది.
అద్దాలు తీసి కొంగుతో తుడుచుకునింది.
'నీళ్ళ ట్యాంకరు వచ్చిందేమో చూస్తా' అని
కిటికీ తట్టు తిరుక్కునింది.
బల్ల మీద పెన్ను, మూత తీసే ఉండాది.

ట్యాంకరు రాలే.
'ఇప్పుడు చూపించు' అనింది.
సంతకం పెట్టింది.

కొత్తది రావల్లంటే ఇంకా నలభై దినాలంట,
దాని మీద డూప్లికేట్ అని ఎర్రగా కొడతారంట.

రాత్రి సంగటి కెలుకుతా
ఎడమ చెయ్యి ఆవిరికి దూరంగా పెట్టుకున్నా.
నా బిడ్డ చూసింది.
ఏందిమా ఆ చుక్క?
పుట్టుమచ్చ.
నిన్న లేదు కదా, అనింది.